క్రొత్త మందునకు బహుమానము రోగియే చెల్లించవలెనా?

మన పత్రిక సాధారణముగా పాఠశాలలను గురించియు, తెలుగు పాఠ్యపుస్తకముల కొరతను గురించియు, అల్పసంఖ్యాక భాషాభాగుల హక్కులను గురించియు వ్రాయుచుండును. ఈ వారము మందుల ధరలను గురించి వ్రాయుచున్నాము. ఇది మన సంఘపు పరిధిలోనిది కాదని కొందరు పాఠకులు తలంపవచ్చును. వారికి మా మనవి యొక్కటే. మనవారు హోసూరులో నున్నారు, కోలారు, బళ్ళారి సీమలలో నున్నారు, బరంపురములోను రాయగడలోను నున్నారు, షోలాపురపు మగ్గముల యొద్ద నున్నారు, యానాములో నున్నారు. ఐదు ప్రభుత్వముల క్రింద బ్రదుకుచున్న జాతి మనది. హోసూరులో మెట్టిన చెల్లెలికి మధుమేహపు మాత్ర ప్రభుత్వ వైద్యశాలలో ఊరక లభించును. వేరొక రాష్ట్రమున మెట్టిన అక్క, ఆసుపత్రిలో సరకు లేదని చీటీ వ్రాసి యిచ్చినచో, అదే మాత్రను అంగడిలో కొనుక్కొనవలెను. రోగ మొక్కటే, మాత్ర యొక్కటే, రక్తసంబంధము కూడ నొక్కటే. భేదమెల్ల ప్రభుత్వపు ఏర్పాటులోనే యున్నది. ఒకే రాష్ట్రమున స్థిరముగా నున్నవారికి కానరాని ఈ సత్యము మనకు ప్రతి పెండ్లిలోను, ప్రతి పండుగలోను, బంధువుల మాటలలో వినవచ్చుచున్నది. మందు ధర వానవలె ఆకాశమునుండి పడునది కాదు. అది మనుష్యులు చేసిన శాసనముల ఫలము. శాసనము మారినచో ధర మారును.

ఇందులకు మన కండ్లయెదుట జరిగిన నిదర్శనము కలదు. 2012వ సంవత్సరము మార్చి 9వ తేదీన భారత పేటెంటు కంట్రోలరు ఒక ఉత్తరువు వెలువరించెను. కాలేయమునకు, మూత్రపిండమునకు వచ్చు క్యాన్సరు ముదిరినవారికి ఇచ్చు సొరాఫెనిబ్ అను మందుపై జర్మనీ దేశపు బేయర్ కంపెనీకి పేటెంటు హక్కు ఉండెను. ఆ మందు ఖరీదు నెలకు 2,80,428 రూపాయలు. హైదరాబాదునందలి నాట్కో ఫార్మా అను సంస్థ ఆ మందునే నెలకు 8,880 రూపాయలకు అమ్మెదనని ముందుకు వచ్చి నిర్బంధ లైసెన్సు కోరెను. మందు అవసరమైన రోగులలో నూటికి సుమారు ఇద్దరికి మాత్రమే బేయర్ మందు అందుచున్నదని కంట్రోలరు తేల్చి, లైసెన్సు మంజూరు చేసెను. నాట్కో తన అమ్మకములపై నూటికి 6 వంతున బేయర్‌కు రాయల్టీ చెల్లించవలెననియు, ఏటేట 600 మంది బీదరోగులకు మందు ఊరక ఇయ్యవలెననియు షరతులు విధించెను. మరుసటి యేడు అప్పీలులో ఆ 6 వంతు 7 అయ్యెను. 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు జోక్యము చేసికొన నిరాకరించుటతో వివాదము ముగిసెను.

పాఠకులు ఇందులో గమనింపవలసిన దేమి? ధర ముప్పదియవ వంతుకంటె తక్కువకు దిగెను. అయినను కనిపెట్టినవానికి రాయల్టీ దక్కెను. నూటికి ఇద్దరు తక్క తక్కిన తొంబదియెనిమిది మంది బేయర్ లెక్కలో ఎన్నడును కొనుగోలుదారులు కారు. వారికి మందు అందినందున ఆ కంపెనీ పోగొట్టుకొన్నది మిక్కిలి స్వల్పము. అందకుండినచో వారు పోగొట్టుకొనునది ప్రాణము.

ఎదుటి పక్షమువారి వాదము కూడ విందము. వారు చెప్పున దేమనగా: "మాత్రను చేయుటకు ఎనిమిదివేలు చాలవచ్చును. కాని ఆ మాత్రను కనిపెట్టుటకు పది పదిహేనేండ్లు పట్టును. పరీక్షకు వచ్చిన పదార్థములలో అధికభాగము మధ్యలోనే విఫలమగును. ఆ వైఫల్యముల ఖర్చుగూడ గెలిచిన మందే మోయవలెను. లాభము లేకున్న పరిశోధన ఆగును. నేటి రోగికి చౌక చేసిన, రేపటి రోగికి మందే యుండదు."

ఈ వాదము తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. పరిశోధకుడు గాలి భుజించి బ్రదుకడు. మన యెల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రమే ఇందులకు సాక్ష్యము. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసు వైద్యకళాశాలలో చదివి, అమెరికాకు పోయి, 1948లో పరమపదించువరకును ఆయన చేసిన సేవను వైద్యలోకము మరువదు. బోదకాలు వ్యాధికి నేటికిని గ్రామగ్రామమున పంచిపెట్టుచున్న డైఇథైల్‌కార్బమజైన్ ఆయన నాయకత్వమున వెలువడిన మందే. ఆ కార్యమెల్ల లెడర్లీ అను ప్రైవేటు కంపెనీ ప్రయోగశాలలో జరిగెను. ఆ ప్రయోగశాలకు ధనము సమకూర్చినది వ్యాపారమే. ఈ సంగతిని దాచి వాదించుట న్యాయము కాదు. కనిపెట్టినవానికి ప్రతిఫలము ముట్టవలెనని మేమును ఒప్పుకొందుము. మా ప్రశ్న వేరు. ఆ ప్రతిఫలము ఎంత? ఎవరు చెల్లించవలెను? మంచము పట్టిన రోగి, తన చివరి ఎకరము తాకట్టు పెట్టి చెల్లించవలెనా?

మొదటి ప్రశ్న తీసికొందము. ఖర్చెంత యని అడిగిన సమాధానము నిలుకడగా నుండదు. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2016లో ప్రకటించిన లెక్క చొప్పున ఒక క్రొత్త మందునకు 260 కోట్ల డాలర్లు. ఆ లెక్కకు ఆధారము కంపెనీలు రహస్యముగా ఇచ్చిన అంకెలు. 2017లో వేరు పరిశోధకులు బహిరంగముగా దొరకు పద్దులనుబట్టి పది క్యాన్సరు మందులను పరిశీలింపగా నడిమి అంకె 64.8 కోట్లు తేలెను. 2020లో ఇంకొక పరిశీలన 98.5 కోట్లనెను. అన్ని మందులు ఒక్క రీతివి కావనుట నిజమే. అయినను లెక్కలో నాలుగురెట్ల భేదమున్నప్పుడు, పద్దు చూపక బిల్లు మాత్రము చూపువానిని ఏ గృహస్థు నమ్మును? పైగా ఆ ఖర్చంతయు కంపెనీలదే కాదు. 2010 మొదలు 2016 వరకు అమెరికాలో అనుమతి పొందిన 210 క్రొత్త మందులలో ప్రతియొకదాని వెనుకను, ఆ మందునకో, అది పనిచేయు విధమునకో సంబంధించి, ప్రభుత్వధనముతో సాగిన పరిశోధన కలదని ఒక అధ్యయనము చూపెను. పునాది ప్రజలది, మేడ కంపెనీది, అద్దె మరల ప్రజలది!

ధర ఖర్చునుబట్టి నిర్ణయింపబడుట లేదనుటకు హెపటైటిస్-సి మందు నిదర్శనము. 2013లో అమెరికాలో వెలువడిన సోఫోస్‌బువిర్ మాత్ర యొక్కటి వెయ్యి డాలర్లు. పండ్రెండు వారముల చికిత్సకు 84,000 డాలర్లు. అమెరికా సెనేటు కమిటీవారు విచారించి, 2015లో నివేదిక ప్రకటించిరి. ఎందరికి మందందదో తెలిసియు, అత్యధిక ఆదాయమే లక్ష్యముగా ధర నిర్ణయించిరని అందులో తేల్చిరి. ఆ మందునే మన దేశపు కంపెనీలు 2014లో కుదిరిన లైసెన్సులపై తయారుచేయసాగెను. 2018లో ఆరంభమైన జాతీయ కార్యక్రమము క్రింద ప్రభుత్వ వైద్యశాలలలో ఆ చికిత్స ఊరక ఇయ్యబడసాగెను. అనగా ధర వస్తువులో లేదు. కొనువాని నిస్సహాయతలో నున్నది.

ఇక "లాభమే పరిశోధనకు తల్లి" యను సూత్రమును క్షయరోగముతో పరీక్షింతము. రిఫాంపిసిన్ 1960 దశకమున కనుగొనబడెను. తరువాత సుమారు నలుబది సంవత్సరములు క్షయకు కొత్తజాతి మందు రాలేదు. బెడాక్విలిన్‌కు అమెరికాలో అనుమతి లభించినది 2012 డిసెంబరులో. ఈ నడిమికాలమున పేటెంటు చట్టములు లేకుండెనా? ఉండెను. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడి, వానిని లోకమంతట గట్టిపరచెను గూడ. మందేల రాలేదు? క్షయ బీదల రోగము గనుక. బీదవాడు వెల చెల్లింపలేడు గనుక. లాభమునే దిక్సూచిగా పెట్టుకొన్న ఓడ, ధనమున్న రేవునకే పోవును.

ఈ విషయమున తమిళనాట నున్న మనవారు గర్వింపదగిన చరిత్ర యొకటి కలదు. 1956లో మద్రాసులో, భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిషు వైద్య పరిశోధన మండలి కలిసి క్షయ చికిత్సా కేంద్రమును నెలకొల్పిరి. క్షయరోగిని శానిటోరియములో నెలల తరబడి ఉంచనక్కరలేదనియు, ఇంటియొద్ద మందు మ్రింగినను అంతే గుణము కనుపించుననియు, ఇంటివారికి అందువలన అధికముగా రోగము సోకదనియు 1959లో ఆ కేంద్రము లోకమునకు చాటెను. ప్రపంచమున క్షయ చికిత్సా విధానమే మారెను. ఇది నూతనావిష్కరణ కాదందురా? దీనికి పేటెంటు లేదు. దీనికి ప్రతిఫలము రోగి చెల్లింపలేదు. జీతములు ప్రజాధనమునుండి చెల్లెను, ఫలితము ప్రజలందరిదయ్యెను.

ఇట్టి మార్గము టీకాలలోను సాధ్యమని రుజువైనది. పసిపిల్లల విరేచనములకు కారణమగు రోటా వైరసునకు మన దేశమున తయారైన టీకా రోటావాక్. దానికి మూలమైన వైరసు ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థలో 1980 దశకమున దొరకినది. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ, అమెరికా ప్రభుత్వ సంస్థలు, ధర్మనిధులు ఖర్చు పంచుకొనెను. హైదరాబాదులోని భారత్ బయోటెక్ దానిని తయారుచేసెను. మోతాదు ఒక డాలరు మాత్రమే యని మాట ముందుగనే పుచ్చుకొనబడెను. 2016లో ప్రభుత్వ టీకా కార్యక్రమమున అది మొదట ప్రవేశించిన నాలుగు రాష్ట్రములలో ఒడిషా యొకటి, ఆంధ్రప్రదేశ్ మరియొకటి. అనగా బరంపురమున నున్న తెలుగు పసిబిడ్డకు, శ్రీకాకుళమున నున్న మేనబావకు ఒకే సంవత్సరమున ఆ టీకా ఊరక అందెను. కంపెనీ దివాలా తీసెనా? లేదు. శాస్త్రజ్ఞుల గౌరవము తగ్గెనా? లేదు. ఖర్చు ముందుగా పంచుకొని, ధర ముందుగా నిశ్చయించుకొనిన, బహుమానమును కరుణయు ఒకే యింట నుండగలవు.

పేటెంటు దైవదత్తమైన హక్కు కాదని మన పెద్దలు ఏనాడో గ్రహించిరి. స్వాతంత్ర్యము వచ్చినప్పుడు మనకు దక్కినది 1911 నాటి ఆంగ్లేయుల చట్టము. జస్టిస్ రాజగోపాల అయ్యంగారు 1959లో సమర్పించిన నివేదిక ఆధారముగా 1970లో పార్లమెంటు కొత్త చట్టము చేసెను. అది 1972 ఏప్రిల్ 20 నుండి అమలులోనికి వచ్చెను. మందు అను వస్తువుపై పేటెంటు లేదు, దానిని చేయు విధానముపై మాత్రమే కొలదికాలపు హక్కు కలదు అని ఆ చట్టము శాసించెను. పింప్రిలోని హిందుస్థాన్ యాంటీబయాటిక్స్, హైదరాబాదు బాలానగరులోని ఐ.డి.పి.ఎల్. కర్మాగారము వంటి ప్రభుత్వ సంస్థలు పనివాండ్రకు బడులైనవి. ఐ.డి.పి.ఎల్. తరువాత ఖాయిలా పడినను, అక్కడ చేయి తిరిగినవారే హైదరాబాదును ఔషధనగరముగా నిలిపిరి. 2001లో సిప్లా అను మన కంపెనీ ఎయిడ్సు మందులను రోజుకు ఒక డాలరుకంటె తక్కువకు ఇచ్చెదనని ప్రకటించినప్పుడు, అప్పటివరకు ఏడాదికి పదివేల డాలర్లు దాటియుండిన చికిత్స ఆఫ్రికా బీదలకు అందుబాటులోనికి వచ్చెను. 1970 నాటి చట్టము లేనిదే ఆ ప్రకటన లేదు.

2005 జనవరి 1 నుండి ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందము చొప్పున వస్తు పేటెంటు మరల వచ్చెను. అయినను పార్లమెంటు మూడు ఆయుధములను చట్టములో నిలిపినది. గుణమేమియు పెరుగక రూపము మాత్రము మార్చిన పాతమందునకు క్రొత్త పేటెంటు లేదనునది 3(డి) విభాగము. దానిని 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు గ్లివెక్ అను క్యాన్సరు మందు వ్యాజ్యమున నిలబెట్టెను. సరసమైన ధరకు అందనప్పుడు వేరొకరికి లైసెన్సు ఇయ్యవచ్చుననునది 84వ విభాగము. ప్రభుత్వమే తన అవసరమునకు వాడుకొనవచ్చుననునది 100వ విభాగము. ఒప్పందమునకు విరుద్ధముకాని ఆయుధములే ఇవి. మరి వానికి పట్టిన గతి యేమి?

84వ విభాగము క్రింద మంజూరైన నిర్బంధ లైసెన్సు, 2012 నాటి ఆ యొక్కటే. హైదరాబాదుకు చెందిన లీ ఫార్మా మధుమేహపు మందునకు అడుగగా 2016లో తిరస్కరింపబడెను. 2019 జనవరిలో ధరల నియంత్రణ ఉత్తరువును సవరించి, పేటెంటు గల క్రొత్త మందులకు ఐదేండ్లు నియంత్రణనుండి మినహాయింపు ఇచ్చిరి. 2024 మార్చిలో పేటెంటు నియమములు మార్చి, పేటెంటును దేశమున ఎట్లు వినియోగించుచున్నారో కంపెనీలు ఏటేట తెలుపుటకు మారుగా మూడేండ్లకొకసారి తెలిపిన చాలుననిరి. పేటెంటు ఇయ్యకమునుపు అభ్యంతరము చెప్పువారికి రుసుము విధించి, వారి అభ్యంతరము విచారణార్హమా కాదా యను గడప నొకటి అడ్డము పెట్టిరి. 2025 జూలైలో బ్రిటనుతో చేసికొన్న వాణిజ్య ఒప్పందములో మందులు అందుబాటులోనికి తెచ్చుటకు స్వచ్ఛంద లైసెన్సులే మేలైన మార్గమని వ్రాసికొనిరి. కత్తిని ఎవరును లాగికొనలేదు. మన చేతులతోనే ఒరలో నుంచి త్రుప్పు పట్టించుచున్నాము.

ఈ నిర్లక్ష్యపు మూల్యము 2025లోనే కానవచ్చెను. వెన్నెముకలోని నరకణములు క్షీణించి కండరములు చచ్చుబడు వంశపారంపర్య వ్యాధికి రిస్డిప్లాం అను మందు కలదు. స్విట్జర్లండు దేశపు రోష్ కంపెనీది ఒక్కొక్క సీసా సుమారు 6 లక్షల రూపాయలు. మరల నాట్కోయే ముందుకు వచ్చెను. ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనమును, అక్టోబరులో ద్విసభ్య ధర్మాసనమును ఆ అమ్మకమును ఆపుటకు నిరాకరించెను. సుప్రీంకోర్టును జోక్యము చేసికొనలేదు. వెంటనే నాట్కో 15,900 రూపాయలకు సీసా విడుదల చేసెను. సంతోషమే. కాని ఈ యుద్ధము చేసినది ఎవరు? లాభము కోరు ఒక ప్రైవేటు సంస్థ. దానికి లాభము తోచకుండినచో ఆ పసివాండ్ర గతి యేమి? 100వ విభాగము చేతనుంచుకొని ప్రభుత్వము ఏమి చేయుచుండెను?

ఇంతమాత్రమున మన కంపెనీలు మచ్చలేనివని మేము చాటుట లేదు. అవి తెలుగువారివి గనుక పొగడుటయు మా ఉద్దేశము కాదు. అనుకరణతోనే తృప్తిపడి సొంత పరిశోధనకు ధనము వెచ్చింపని సంస్థలు అనేకము. పటాన్‌చెరు ప్రాంతమున మందుల కర్మాగారముల వ్యర్థజలములలో సిప్రోఫ్లాక్ససిన్ ఘోరమైన మోతాదులలో నున్నదని 2007లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి; మన చౌకమందుకు ఆ పల్లెల చెరువులు వెల చెల్లించినవి. 2025లో కాంచీపురము జిల్లాలో తయారైన దగ్గుమందు త్రాగి మధ్యప్రదేశమున పసిపిల్లలు ప్రాణములు విడిచిరి. తనిఖీ లేని చౌక దయ కాదు, ద్రోహము. ధరల నియంత్రణ సంగతియు నట్టిదే. 2013 ఉత్తరువు చొప్పున అత్యవసర ఔషధముల గరిష్ఠధర తయారీ ఖర్చునుబట్టి కాక, విపణిలో నూటికి ఒక వంతైనను అమ్ముడగు బ్రాండుల ధరల సగటునుబట్టి నిర్ణయింపబడుచున్నది. వర్తకుని యొద్దనున్న రాయినే పడికట్టుగా చేసికొని వర్తకుని తూకము తనిఖీ చేసినట్లున్నది ఈ పద్ధతి. తక్కిన మందుల ధరను ఏటేట నూటికి 10 వరకు పెంచుకొనవచ్చును.

అయిన చేయవలసిన దేమి? మా కోరికలు ఇవి.

మొదటిది, బహుమానమును ధరనుండి విడదీయవలెను. ప్రజారోగ్యమునకు అత్యవసరమగు క్రొత్తమందును కనిపెట్టినవానికి ప్రభుత్వము ఖజానానుండి ఘనముగా చెల్లించి, తయారీని అర్హులైన వారందరికి విడువవలెను. పన్ను అందరును చెల్లింతురు, ఆరోగ్యవంతులును చెల్లింతురు. రోగి మంచముపై పన్ను వేయుటకంటె అది ధర్మము.

రెండవది, ప్రజాధనముతో సాగిన పరిశోధనకు లైసెన్సు ఇచ్చునప్పుడు రోటావాక్ విషయమున వలె ధరను ముందుగనే వ్రాయించుకొనవలెను.

మూడవది, 84, 100 విభాగములను కేంద్రము వాడవలెను. వాడుదురను భయమున్న చాలు, అనేక పర్యాయములు ధర తనంత తానే దిగును. బ్రిటను ఒప్పందము వంటివి ఈ అధికారమునకు సంకెలలు కాకుండ చూడవలెను.

నాలుగవది, తమిళనాడు మార్గమును తక్కిన ప్రభుత్వములు అనుసరింపవలెను. 1994లో స్థాపితమైన తమిళనాడు వైద్యసేవల కార్పొరేషను రాష్ట్రమంతటికి టోకున టెండరు పిలిచి, నమూనాలు పరీక్ష చేయించి, జిల్లా గిడ్డంగులనుండి ఆసుపత్రులకు పంపుచున్నది. ఒడిషా 2015లో నిరామయ పేర ఉచిత ఔషధములకు పూనుకొన్నది. మనవారున్న ఐదు ప్రభుత్వములు ఖరీదైన మందులనైనను కూడబలుకుకొని కొనినచో, ఆ పెద్ద గిరాకీ ఎదుట ఏ కంపెనీయు బెట్టుచేయజాలదు.

ఐదవది, తనిఖీ. ప్రతి జిల్లాకు చాలినంతమంది మందుల ఇన్‌స్పెక్టరులు, పరీక్షాశాలలు లేనిదే పై నాలుగును వ్యర్థము.

ఆరవది మన సంఘమునకు స్వయముగా సంబంధించినది. ఊరక ఇయ్యవలసిన మందుల పట్టికను మన తెలుగువారు అధికముగా నున్న తాలూకాల ఆసుపత్రులలో తెలుగున గూడ వ్రాసి గోడపై పెట్టవలెను. తనకు హక్కున్నదని చదువనేరని రోగికి ఆ హక్కు లేనట్లే. మన నేత పనివారిలో, కూలీలలో ఎందరు వృద్ధులకు ఇంటిభాష తప్ప వేరు లిపి రాదో మీరెరుగుదురు.

ఇవి ప్రభుత్వము చేయవలసిన పనులు, మనమేమి చేయగలమని కొందరు నిట్టూర్చవచ్చును. బెడాక్విలిన్ కథ చూడుడు. ఆ మందుపై పాత పేటెంటు 2023 జూలైతో ముగియవలసియుండెను. కంపెనీ దాని లవణరూపముపై మరియొక పేటెంటు కోరి 2027 వరకు గుత్తాధికారము సాగింపజూచెను. అభ్యంతరము చెప్పినవారిలో క్షయనుండి కోలుకొన్న ఇద్దరు యువతులు కలరు. ఒకరు మన దేశపు నందితా వెంకటేశన్, ఇంకొకరు దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమెజా టిసీలే. క్షయకు వాడిన పాతమందుల విషప్రభావమున ఇద్దరును వినికిడి పోగొట్టుకొన్నవారే. 2023 మార్చిలో పేటెంటు కార్యాలయము ఆ దరఖాస్తును త్రోసివేసెను. ఆ యేడే అంతర్జాతీయ సరఫరాలో ఆ కంపెనీ మందు చికిత్సకు 289 డాలర్లనుండి 130 డాలర్లకు దిగెను. చట్టములోని 25వ విభాగము "ఏ వ్యక్తియైనను" అభ్యంతరము చెప్పవచ్చుననుచున్నది. ఏ వ్యక్తియైనను అనగా మీరును, మేమును.

రాజ్యాంగపు 350వ అనుచ్ఛేదము మన సంఘమువారికి కంఠస్థమే. కేంద్రమున గాని రాష్ట్రమున గాని వాడుకలో నున్న ఏ భాషలోనైనను ఫిర్యాదు సమర్పించు హక్కు ప్రతివానికి కలదు. ఇన్నాళ్ళు ఆ హక్కును బడికొరకు వాడితిమి. ఇప్పుడు మందుకొరకు వాడుదము. ప్రభుత్వాసుపత్రిలో మందు లేదనిపించుకొన్న ప్రతి పాఠకుడును ఆ మందు పేరు, తేదీ, బయట కొనిన వెల ఒక కాగితముపై తెలుగున వ్రాసి, రసీదు ప్రతి జతపరచి, జిల్లా ఆరోగ్యాధికారికి పంపుడు. ఒక ప్రతిని మన శాఖ కార్యదర్శికి ఇండు. 2013-14లో దేశపు మొత్తము ఆరోగ్యవ్యయమున నూటికి 64.2 వంతులు జనము సొంతజేబునుండి పెట్టినదే. 2021-22 నాటికి అది 39.4 వంతులకు దిగినది. అనగా దింపిన దిగును. నూటికి నలుబదియైనను మిగిలియుండుట మనకు సిగ్గు.

కనిపెట్టినవానికి దండ వేయుదము, సన్మానము చేయుదము, ప్రజలందరి పక్షమున ధనమును ఇత్తము. కాని ఆ సన్మానపు ఖర్చునకు చందా వసూలు చేయవలసినది రోగి తలగడ క్రింద కాదు.